మన లైబ్రరీతో కంపెనీ సంపాదిస్తే మనకేమైనా బాకీ ఉంటుందా?

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దు. పర్లాకిమిడిలో ఉంటున్నావు. బిల్లు మీద రూపాయల అంకెల్ని తెలుగులోనూ ఒడియాలోనూ మాటల్లోకి మార్చే చిన్న లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు తమలో కలుపుకునే కోడ్ ముక్క) రాసి, ఎవరైనా వాడుకోవచ్చనే ఎంఐటీ లైసెన్స్‌తో, కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో పెట్టావు. హైదరాబాదులో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక కంపెనీ దాన్ని తన ప్రోడక్ట్‌లో కలుపుకుంది. ఇప్పుడది గజపతి, గంజాం, రాయగడ జిల్లాల బట్టల కొట్లలో కూడా నడుస్తోంది. అంతవరకూ నీకు సంతోషమే. కానీ వాళ్ల ఇంజనీరు ఒకాయన ‘క్లయింట్ ఎస్కలేషన్, అర్జెంట్’ అంటూ అర్ధరాత్రి గిట్‌హబ్‌లో ఇష్యూలు (ఫిర్యాదులు) తెరుస్తున్నాడు. వీళ్లు నాకేమైనా బాకీ ఉన్నారా, లైసెన్స్ మార్చేయనా, లేకపోతే లైబ్రరీనే పీకేయనా అని అడిగావు.

రాసి ఇచ్చేసిన కోడ్‌కి వాళ్లు నీకు డబ్బు బాకీ లేరు. కోడ్‌తోపాటు నీ పేరూ లైసెన్స్ నోటీసూ ఉంచడం బాకీ ఉన్నారు. ఇకమీదట నీ చేత చేయించుకోవాలనుకుంటున్న పని సంగతి వేరు. దానికి బాకీ అడిగిన రోజు నుంచే మొదలవుతుంది. ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడతారు కాబట్టి ఒకరు ‘దోపిడీ’ అంటారు, ఇంకొకరు ‘ఫ్రీగా ఇచ్చి ఏడవడమెందుకు’ అంటారు. మాట ఎక్కడా తెగదు.

నా సంగతి కూడా చెప్పాలి. బరంపురంలో కూర్చుని చాలా ఏళ్లుగా కొట్లకీ చిన్న ఫ్యాక్టరీలకీ సర్వర్లు చూసిపెడుతున్నాను. లినక్స్, పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ల మీదే నా ఇల్లు గడుస్తోంది, వాటిలో నేను రాసింది ఒక్క వరస లేదు. ఇంకోపక్క నావి ఒకటి రెండు చిన్న ప్రాజెక్టులు ఉన్నాయి, వాటిని నాకు తెలియనివాళ్లు వాడుకుని సంపాదిస్తున్నారు. కాబట్టి ఈ తగవులో నేను రెండు పక్షాల మనిషిని.

ముందు లైసెన్స్. ఎంఐటీ లైసెన్స్ ఒక అరపేజీ ఉంటుంది. అందులో వాడుకో, మార్చుకో, పంచు, అమ్ము అని స్పష్టంగా ఉంది. ‘అమ్ము’ అనే మాట నువ్వే సంతకం పెట్టి ఇచ్చావు. అడిగిన షరతు ఒక్కటే: కాపీరైట్ నోటీసూ ఆ అనుమతి పాఠమూ ప్రతి కాపీలోనూ ఉండాలి. చివర్లో ‘ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాను, ఏ హామీ లేదు’ అని కూడా ఉంది. ఈ ఆఖరి పేరాని చాలామంది చదవరు, కానీ నీకు అదే ముఖ్యం. నీ లైబ్రరీ వల్ల వాళ్ల బిల్లు తప్పు పడితే ఆ తప్పు చట్టం ప్రకారం నీ మెడకి చుట్టుకోకుండా కాపాడేది అదే. మరమ్మతు చేసే పూచీ నీ మీద లేదని చెప్పేదీ అదే.

ఆ ఒక్క షరతు మాటల వరకే కదా అనుకోకు. అమెరికాలో రైలు బొమ్మల మోడళ్లు నడిపే ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచిపెట్టిన) సాఫ్ట్‌వేర్ మీద జాకబ్‌సెన్ వర్సెస్ కాట్జర్ అనే కేసు నడిచింది. 2008లో అక్కడి ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు, పేరూ నోటీసూ ఉంచమన్న షరతుల్ని మీరితే అది కాపీరైట్ ఉల్లంఘనే కాగలదని తేల్చింది. మన దగ్గర 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని సాహిత్య రచన కిందే లెక్కేస్తుంది. అదే చట్టం 57వ సెక్షన్, హక్కులు వేరేవాళ్లకి రాసిచ్చేసినా ‘ఇది నేను రాసింది’ అని చెప్పుకునే హక్కు రచయితకి మిగిలే ఉంటుందంటుంది. అందుకని ముందు వాళ్ల సాఫ్ట్‌వేర్ ట్రయల్ దించి చూడు. ‘అబౌట్’ పేజీలోనో ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లోనో మూడో పక్షం లైసెన్సుల ఫైలు ఉండాలి. నీ లైబ్రరీ కేవలం వాళ్ల సర్వర్‌లోనే నడుస్తుంటే కాపీ బయటికి పంచినట్టు కాదు, అప్పుడు నోటీసు అడగడానికి పెద్దగా ఆధారం ఉండదు. బ్రౌజర్‌లోకి దిగే జావాస్క్రిప్ట్‌లోనో, కొట్లో కంప్యూటర్లోనో ఉంటే మాత్రం కాపీ ఇచ్చినట్టే. నోటీసు లేకపోతే మర్యాదగా ఒక మెయిల్ రాయి. కోర్టు మాట ఎత్తకు, అవసరం రాదు. ఇది పైసా ఖర్చులేని బాకీ, అయినా కంపెనీలు ఎక్కువగా ఎగ్గొట్టేది దీన్నే.

‘తిరిగి ఇవ్వాలి’ అనే మాట లైసెన్స్‌లోనే రాసుకున్నవాళ్లూ ఉన్నారు. అది జీపీఎల్ అనే లైసెన్స్ దారి, ఆ కోడ్‌ని కలుపుకుని పంచితే సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. 2003లో లింక్‌సిస్ కంపెనీ రౌటర్‌లో జీపీఎల్ కింద ఉన్న లినక్స్ ఉందని బయటపడింది, ఒత్తిడి మీద వాళ్లు సోర్స్ కోడ్ విడుదల చేశారు, అందులోంచే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ పుట్టింది. అక్కడ కూడా తిరిగొచ్చింది కోడే, డబ్బు కాదు. అమ్మకం మీద రాయల్టీ అడిగితే అసలు ఓపెన్ సోర్స్ నిర్వచనంలోనే ఇమడదు, మొదటి నిబంధనే అది. కాబట్టి ‘లైసెన్స్ ప్రకారం వాటా రావాలి’ అని నీ స్నేహితులెవరైనా అంటే నమ్మకు.

మరి న్యాయం ప్రకారం? చట్టం ఊసు పక్కనపెట్టి, మనిషి మర్యాద లెక్కన?

పెళ్లిలో నూట పదహార్లు చదివించామనుకో. అది ఇచ్చేసిన డబ్బు. పెళ్లివాళ్లు దాంతో బంగారం కొన్నారా, బాకీలు తీర్చారా అని మనం అడగం. కానీ ఆ ఇంట్లో ఒక పుస్తకం ఉంటుంది, ఎవరెంత చదివించారో పేరుతో సహా రాసుకుంటారు. మన ఇంట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఆ పుస్తకం తీస్తారు. చట్టం లేదు, నోటు లేదు, అయినా పుస్తకం తెరవని ఇంటిని ఊరు గుర్తుపెట్టుకుంటుంది. కంపెనీలకి ఆ పుస్తకం లేదు. అంతకంటే ఘోరం, చదివించినవాణ్ణే మర్నాడు పిలిచి పందిరి విప్పమంటున్నారు. నీ మీద పడుతున్నది ఈ రెండోదే.

అందుకే ‘ఎంత లాభం వచ్చిందో అందులో ఇంత శాతం’ అనే లెక్క నాకు నచ్చదు. ఓపెన్ సోర్స్ మొత్తం లేకుండా పోయి, వాడేవాళ్లంతా సొంతంగా రాసుకోవాల్సి వస్తే 8.8 లక్షల కోట్ల డాలర్లు అవుతుందని 2024లో హార్వర్డ్ పరిశోధకులు అంచనా వేశారు. ఈ అంకె ప్రసంగాల్లో బాగా పేలుతుంది. కానీ పొందిన విలువంతా బాకీ కాదు. మన జిల్లాల్లోనే చూడు. మీ పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని, పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టారు. 1936లో మంగేయి గొమాంగో ఆ భాషకి సొరంగ్ సొంపెంగ్ లిపి కట్టారు. 2012లో అది యూనికోడ్‌లోకి చేరింది. గూగుల్ నోటో ఫాంట్ ఆ లిపికీ ఉచితంగా దొరుకుతోంది. ఆ ఫాంట్‌తో రేపు గుణుపురంలో ఎవరో పెళ్లిపత్రికలు అచ్చేసి నాలుగు రూపాయలు చేసుకుంటే, ఈ వరసలో ఎవరికి ఎంత బాకీ? లెక్కకి అందదు, అందాల్సిన పనీ లేదు.

ఆ ఉదాహరణలో ఇంకో సంగతి ఉంది. కంపెనీలు అసలేమీ ఇవ్వవనడం కూడా తప్పు. మన ఒత్తులూ గుణింతాలూ తెరమీద సరిగ్గా కూర్చునేలా చేసే హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్ ఆండ్రాయిడ్‌లోనూ క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ ఉంది. దాని ముఖ్య రచయిత బెహదాద్ ఎస్ఫాబోద్ రెడ్ హ్యాట్‌లో, తర్వాత గూగుల్‌లో ఉద్యోగం చేస్తూ దాని మీద పనిచేశాడు. లినక్స్ కెర్నెల్‌లోకి వచ్చే మార్పుల్లో ఎక్కువ భాగం జీతాలు తీసుకుంటున్న ఇంజనీర్లవే. పైకి కనపడే పెద్ద ప్రాజెక్టులకి తిండి దొరుకుతోంది. ఎండుతున్నవి అడుగున ఒక్కరో ఇద్దరో మోస్తున్న చిన్న లైబ్రరీలు.

2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడ్డప్పుడు ప్రపంచం ఒక్కసారి లేచి కూర్చుంది. బ్యాంకుల వెబ్‌సైట్ల తాళాలు చూసే ఆ ప్రాజెక్టుకి అప్పటిదాకా ఏడాదికి వస్తున్న విరాళాలు సుమారు 2,000 డాలర్లు. పూర్తిగా దానిమీదే ఉన్న మనిషి ఒక్కడు. లోపం బయటపడ్డ నెలలోనే గూగుల్, మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్, అమెజాన్ లాంటివి కలిసి లినక్స్ ఫౌండేషన్ కింద నిధి పెట్టాయి, ఒక్కొక్కటీ ఏటా లక్ష డాలర్ల చొప్పున మూడేళ్లు ఇస్తామన్నాయి. 2021 డిసెంబరులో జావా ప్రోగ్రాములు వాడే లాగ్‌ఫోర్‌జే అనే లైబ్రరీలో పెద్ద లోపం బయటపడింది, మళ్లీ అదే కథ. స్వచ్ఛందంగా చూసుకుంటున్న కొద్దిమంది నిద్ర మానుకుని సరిచేశారు, వాళ్లని తిట్టినవాళ్లంతా జీతగాళ్లు.

2024 మార్చిలో ఎక్స్‌జెడ్ లైబ్రరీలో జరిగింది వీటికంటే భయంకరం. అది ఫైళ్లని కుదించే సాధనం, లినక్స్‌లో అన్నిచోట్లా ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి ఫిన్లాండ్‌లో లాసే కొలిన్ అనే ఒక్కడే చూసుకుంటున్నాడు. 2022లో అతని మీద మెయిళ్లు మొదలయ్యాయి: ప్యాచ్‌లు (సవరణలు) ఎందుకు ఆలస్యం, నీకు ఆసక్తి లేకపోతే వేరేవాళ్లకి అప్పగించు అని. తన మానసిక ఆరోగ్యం బాగాలేదనీ, ఇది జీతం లేని సరదా ప్రాజెక్టనీ అతను బహిరంగంగానే రాశాడు. అదే సమయంలో జియా టాన్ అనే పేరుతో ఒకడు ఓపిగ్గా సాయం చేస్తూ దగ్గరయ్యాడు, నమ్మకం సంపాదించాడు, తాళంచెవులు అందుకున్నాడు, చివరికి సర్వర్లలోకి దొంగదారి పెట్టాడు. ఆ ఒత్తిడి మెయిళ్లు రాసినవాళ్లు కూడా దొంగపేర్లేనని తర్వాత అందరూ అనుమానించారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే మైక్రోసాఫ్ట్ ఇంజనీరు దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వబట్టి దొరికింది గానీ లేకపోతే ఈపాటికి మన సర్వర్లన్నిట్లోకీ దిగి ఉండేది.

ఆ ఒత్తిడి మెయిళ్లు ఇప్పటికీ పబ్లిక్‌గా ఉన్నాయి, వెతికి చదువు. నీకు ఆ ‘ఎస్కలేషన్’ ఇంజనీరు పెడుతున్న ఇష్యూలకీ వాటికీ గొంతులో పెద్ద తేడా కనపడదు. అతను దొంగ కాదు, పాపం పైవాడి ఒత్తిడి. కానీ అలిసిపోయిన ఒంటరి మెయింటైనర్ (ప్రాజెక్టుని చూసుకునేవాడు) దగ్గర తలుపు ఎలా తెరుచుకుంటుందో కంపెనీలకి అర్థం కావాలి. నీకు డబ్బివ్వడం వాళ్లకి దానం కాదు, తమ కస్టమర్లకి తాము చేయాల్సిన కాపలా.

కస్టమర్‌కి జవాబు చెప్పాల్సింది అమ్మినవాడే. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం ఒక పద్ధతిలో వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కూలిపోయాయి, గుర్తుందా? మన తెలుగువాళ్లకి ఆ వారం రోజులూ ఒకటే సరదా. అది ఆపిల్ సొంత కోడ్, వాళ్లే వెంటనే అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. నీ లైబ్రరీని తన ప్రోడక్ట్‌లో పెట్టి అమ్ముకున్న కంపెనీకీ కస్టమర్ ముందు అదే స్థానం. అరువు కోడ్ అనేది కస్టమర్‌కి చెప్పే సాకు కాదు. యూరప్‌లో దీన్ని చట్టమే చేశారు. అక్కడి సైబర్ రెజిలియన్స్ చట్టం ముఖ్య నిబంధనలు 2027 డిసెంబరు నుంచి అమలవుతాయి. డిజిటల్ వస్తువు అమ్మేవాడే అందులోని ఓపెన్ సోర్స్ భాగాల భద్రతని కూడా చూసుకోవాలి, లాభాపేక్ష లేకుండా రాసిపెట్టిన నీలాంటివాడి మీద ఆ భారం వెయ్యదు.

ఇక లైబ్రరీ పీకేయడం గురించి. వద్దు. 2016లో కిక్ అనే పేరు తగాదాలో ఒక డెవలపర్ కోపమొచ్చి, జావాస్క్రిప్ట్ లైబ్రరీలు దొరికే ఎన్‌పీఎం అనే గోదాము నుంచి తన ప్యాకేజీలన్నీ తీసేశాడు. అందులో లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు వరసల కోడ్ కూడా పోయి, వేల ప్రాజెక్టులు బిల్డ్ కాకుండా ఆగిపోయాయి. ఎన్‌పీఎం దాన్ని వెనక్కి పెట్టేసింది, ఆ తర్వాత తీసేయడమే కష్టం చేస్తూ నియమాలు మార్చింది. 2022 జనవరిలో ఇంకొకాయన కలర్స్ అనే లైబ్రరీలో ఆగని లూప్ పెట్టాడు. పెద్ద కంపెనీలకి ఉచితంగా పనిచేయనని అంతకుముందే ప్రకటించిన మనిషి. ఆ కోపం నాకు అర్థమవుతుంది, కానీ దెబ్బ తగిలింది ఎవరికో చూడు. నువ్వు అదే చేస్తే దసరా సీజన్లో కాశీనగర్ బట్టల కొట్లో బిల్లు ఆగుతుంది. హైదరాబాదులో సీఈఓకి మర్నాడు తెలుస్తుంది, లేదా తెలియనే తెలియదు.

లైసెన్స్ మార్చడం కూడా నీకు పెద్దగా కలిసిరాదు. సెర్చ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎలాస్టిక్ 2021లో అపాచీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ వదిలింది, అమెజాన్ వెంటనే ఓపెన్‌సెర్చ్ అని ఫోర్క్ చేసింది, అంటే పాత కోడ్ కాపీతో వేరే ప్రాజెక్టు పెట్టింది. 2024లో రెడిస్ అనే డేటాబేస్ లైసెన్స్ మార్చింది, వాల్కీ అనే ఫోర్క్ పుట్టింది. రెండూ తర్వాత ఏజీపీఎల్‌ని (సర్వర్‌లో నడిపినా మార్పుల కోడ్ ఇవ్వాలనే జీపీఎల్ రకం) కూడా చేర్చి మళ్లీ ఓపెన్ సోర్స్ గూటికి వచ్చాయి. అవి వెనక పెట్టుబడీ లాయర్లూ ఉన్న కంపెనీలు. నీ పాత వెర్షన్లు ఎప్పటికీ ఎంఐటీ కిందే ఉంటాయి, వాళ్లు దాన్నే ఫోర్క్ చేసుకుని పోతారు. పైగా ఛత్రపురం నుంచి ఎవరో ఒడియా అంకెల పట్టిక పంపారన్నావు. ఆ భాగం మీద వాళ్ల పేరూ ఎంఐటీ నోటీసూ అలాగే ఉంచాలి. కొత్త ప్రాజెక్టు మొదలుపెడితే మాత్రం మొదటిరోజే ఆలోచించు. కంపెనీలు వాడుకుంటే మార్పులు తిరిగివ్వాలనుకుంటే ఏజీపీఎల్ పెట్టి, అది వద్దన్నవాళ్లకి వేరే లైసెన్స్ అమ్మొచ్చు.

నీ చేతిలో ఉన్న అసలు బలం వేరే. ఒడియాలో ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా దాదాపు ప్రతి అంకెకీ విడి రూపం, తెలుగులో ‘వంద’ పక్కన అంకె చేరగానే ‘నూట’ అవ్వడం, ‘వెయ్యి’ ‘వేలు’ అవ్వడం. రెండూ తెలిసి, రెండు భాషల బిల్లుల్లోనూ తప్పు పట్టగలిగేది మన సరిహద్దు ఊళ్లవాళ్లే. కోడ్ వాళ్ల దగ్గరుంది, ఆ తెలివిడి లేదు. వాళ్లకి కావలసింది నువ్వు.

ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చే కర్ల్ అనే సాధనం రచయిత డేనియల్ స్టెన్‌బర్గ్ ఏం చేశాడో చూడు. 2022 జనవరిలో ఒక పెద్ద అమెరికన్ కంపెనీ నుంచి ఆయనకి మెయిల్ వచ్చింది: మీ సాఫ్ట్‌వేర్‌లో లాగ్‌ఫోర్‌జే ఉందా, 24 గంటల్లో జవాబివ్వండి అని. కర్ల్ సీ భాషలో రాసింది, అందులో జావా ముక్కే ఉండదు. పైగా వాళ్లు ఆయనకి ఒక్క డాలరు ఇచ్చినవాళ్లు కాదు. ఆయన కోప్పడలేదు. సపోర్ట్ ఒప్పందం చేసుకోండి, సంతోషంగా జవాబులన్నీ ఇస్తాను అని రాశాడు. నీకూ అలాంటి జవాబే సరిపోతుంది:

‘మీ సమస్య చూశాను. ఈ లైబ్రరీని నాకు వీలున్నప్పుడు చూసుకుంటాను, గడువు చెప్పలేను. మీకు గడువు ముఖ్యమైతే నెలవారీ సపోర్ట్ ఒప్పందం చేసుకుందాం, వివరాలు జతచేశాను. లేదా మీ ఇంజనీరు ప్యాచ్, టెస్టులు రాసి పంపితే పరిశీలిస్తాను.’

ఇదే సంగతి రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయం ఫైలులో) కూడా పెట్టు, ఇష్యూ తెరిచేవాడికి ముందే కనపడాలి.

విరాళం మాత్రం అడగకు. కంపెనీ అకౌంట్స్ విభాగానికి విరాళమంటే పెద్ద తలనొప్పి, ఇన్‌వాయిస్ అంటే రోజూ చేసే పని. ‘సాఫ్ట్‌వేర్ సపోర్ట్’ అని ఇన్‌వాయిస్ పంపు, పాన్ నంబరు రాయి, టీడీఎస్ కోసుకుని ఇస్తారు, రిటర్న్‌లో చూపించుకో. ఏడాదికి సేవల మీద 20 లక్షలు దాటనంతవరకూ, ఒడిశా నుంచి తెలంగాణకి సేవ చేసినా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఒకసారి మీ ఊరి ఆడిటర్‌ని కూడా కనుక్కో. ధర ఎంత అంటావా? ఆ కంపెనీ తన ఇంజనీరుకి ఒక రోజుకి ఎంత జీతం ఇస్తుందో లెక్కేసుకో, నీ రోజుకి అంతకి తగ్గకు. ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకునే మొత్తానికి ఒప్పుకోకు. 2024లో మైక్రోసాఫ్ట్ తన టీమ్స్ యాప్ కోసం ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌వాళ్లని సాయం అడిగినప్పుడు, వాళ్లు ఏళ్ల తరబడి ఉండే సపోర్ట్ ఒప్పందం కావాలంటే, కంపెనీ ఒక్కసారికి కొన్నివేల డాలర్లు ఇస్తామంది. ఆ బృందం దాన్ని బహిరంగంగానే ఎండగట్టింది. మరమ్మతు ఏటా ఉండేదైనప్పుడు డబ్బు కూడా ఏటా రావాలి.

అడగకుండానే ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి, వాళ్ల పేర్లు ఆ హైదరాబాదువాళ్లకి చెప్పడం మంచిది. బెంగళూరులోని షేర్ల బ్రోకింగ్ కంపెనీ జెరోధా 2024 అక్టోబరులో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి ఏటా పది లక్షల డాలర్ల నిధి మొదలుపెట్టింది. తమ వ్యాపారం నిలబడిందే వాటిమీదని వాళ్లే చెప్పుకున్నారు. అదే నెలలో ఓపెన్ సోర్స్ ప్లెడ్జ్ అని ఇంకోటి వచ్చింది. అందులో చేరిన కంపెనీ తన దగ్గరున్న ఒక్కో డెవలపర్‌కి ఏడాదికి 2,000 డాలర్ల లెక్కన మెయింటైనర్లకి ఇవ్వాలి. జర్మనీలో అయితే 2022 నుంచి ప్రభుత్వమే నిధి పెట్టింది. నాకు ఆ డెవలపర్ల తలలెక్క పద్ధతి నచ్చుతుంది. లాభంతో ముడిపెట్టదు, ఎవరి కోడ్ ఎంత అని తూకం వెయ్యదు, చిన్న కంపెనీకి చిన్న మొత్తమే వస్తుంది.

చిన్న కంపెనీ అంటే నువ్వూ నేనూ కూడా. నా కొటేషన్లలో ఆఖరి వరస ‘వాడిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల నిర్వహణకి’ అని ఒక చిన్న మొత్తం ఉంటుంది. బడాబజారులో పట్టుచీరల షావుకారు ఒకాయన ‘ఫ్రీ అన్నావు గదా, మరి ఇదేటి?’ అన్నాడు. ఫ్రీగా ఇచ్చినవాడు రేపు కొట్టు మూసేస్తే మీ బిల్లు ఎవరు చూస్తారు బాబూ అన్నాను. బేరమాడి సగం చేశాడు, కానీ తీసేయమనలేదు. నీ లైబ్రరీ కింద ఏయే లైబ్రరీలు ఉన్నాయో ఒకసారి చూసుకో, అందులో ఒకటో రెండో ఒంటరి మనుషులవే అయ్యుంటాయి. ఆ కంపెనీ నుంచి డబ్బు వస్తే అందులోంచి కొంచెం వాళ్లకి పంపడం నీ పుస్తకంలో రాసుకోవాల్సిన పద్దు.

వాళ్లు ఒప్పందం పంపితే సంతకం పెట్టేముందు ఇండెమ్నిటీ క్లాజు ఉందేమో చూడు. ‘ఏ నష్టం వచ్చినా డెవలపర్ భరించాలి’ అని ఉంటే, లైసెన్స్ ఇచ్చిన రక్షణ మొత్తం నువ్వే చేజేతులా వదులుకున్నట్టు. ఆ వాక్యం కొట్టించు, లేదా పూచీని నువ్వు ఏడాదికి తీసుకునే రుసుముకి మించకుండా రాయించు. రాత్రి ఫోన్లకి వేరే రేటు పెట్టు. ఒప్పందం పాఠం వచ్చాక పేర్లూ అంకెలూ తీసేసి నాకు పంపితే చూసి చెప్తాను.